జూన్ మొదటి వారంలో స్నో లేక్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళొచ్చా?

గోదారిగట్టు
అమ్మానాన్న పోయిన నెల రాజమండ్రి నుంచి సియాటెల్ వైపు మా ఇంటికి వచ్చారు. గుడి, స్పేస్ నీడిల్, అవుట్‌లెట్ మాల్ అన్నీ అయిపోయాయి. నాన్న పొద్దున్నే కాఫీ తాగుతూ బాల్కనీలోంచి కొండల వైపు చూసి "అక్కడికి తీసుకెళ్ళేది ఉందా, ఇలా చూడ్డమేనా" అంటున్నారు. సరే అని వచ్చే శనివారం, అంటే జూన్ మొదటి వారం, కొండల్లో నడిచి వెళ్ళే స్నో లేక్‌కి ప్లాన్ వేశాను. ఐ-90 హైవే మీద ఎగ్జిట్ 52, ఇంటి నుంచి గంట కూడా పట్టదు. ఇప్పుడేమో ఆఫీసులో ఒకాయన ఇంకా మంచు పోలేదు వద్దంటున్నాడు, ఇంకొకాయన జూన్‌లో షార్ట్స్ వేసుకుని వెళ్ళొచ్చానంటున్నాడు. ఇక్కడ చూస్తే ఎండ 78 డిగ్రీల ఫారెన్‌హీట్, ఇంట్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ట్రైల్ (నడక దారి) మొదలయ్యేది 3,100 అడుగుల దగ్గర. మన అరకు ఎత్తు కూడా దాదాపు అంతే కదా, జూన్‌లో అక్కడ మంచేమిటి? ఈ మధ్య వెళ్ళొచ్చినవాళ్ళుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. నాన్న రోజూ గట్టు మీద గంట నడిచే మనిషి. అమ్మకి ఎడమ మోకాలు కొంచెం ఇబ్బంది.

షార్ట్స్_శీను
వెళ్ళండి గురూ, ఏం కాదు. మేం కూడా జూన్‌లోనే వెళ్ళాం, మామూలు రన్నింగ్ షూస్. పైన కొంచెం మంచుంటే ఫోటోలు ఇంకా బాగా వస్తాయి. ఊరి నుంచి వచ్చినవాళ్ళకి మంచు చూపించాలి కదా.

ఇస్సాక్వా_ఇందు
పోయిన ఆదివారమే వెళ్ళాం. మొదటి మైలున్నర బాగానే ఉంది. రాళ్ళు, బురద, అక్కడక్కడా దారి మీదే నీళ్ళు పారుతున్నాయి, షూస్ తడవడం ఖాయం. సోర్స్ లేక్ వైపు దారి చీలే చోటికి ముందు నుంచే మంచు మొదలైంది. ఆ పైన మెలికల దారి అంతా మంచు కిందే ఉంది, ఎక్కడ తిరగాలో కనిపించదు. ఏటవాలు మంచు మీద అడ్డంగా నడవాలి, కాలు జారితే ఆపడానికి కింద చెట్టు కూడా లేదు. మేం అక్కడే ఒక బండ మీద కూర్చుని పులిహోర తినేసి వెనక్కొచ్చేశాం. లేక్ చాలావరకు గడ్డకట్టే ఉందని పైనుంచి దిగుతున్నవాళ్ళు చెప్పారు. మీరు ఫోటోల్లో చూసిన నీలం రంగు జులై చివర్లోదో ఆగస్టులోదో అయ్యుంటుంది.

గోదారిగట్టు
అమ్మో. థాంక్స్ ఇందు గారు. నాన్నకి అప్పుడే చెప్పేశాను, ఆయన షూస్ కూడా కొనేసుకున్నారు.

పాతకాపు
అరకు ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, చాలామంది అక్కడే బోల్తా పడతారు. అరకు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇది 47 మీద. దానికి తోడు పసిఫిక్ మీంచి వచ్చే తడిగాలి అంతా ఈ క్యాస్కేడ్స్ కొండలకి కొట్టుకుని ఇక్కడే దించేస్తుంది. చలికాలంలో అదంతా మంచే. స్నో లేక్ పక్కనే ఉన్న కనుమ, స్నోక్వాల్మీ పాస్‌లో ఏడాదికి సగటున 400 అంగుళాల దాకా పడుతుంది, మరి పాస్ ఎత్తు చూస్తే 3,000 అడుగులే. అదంతా కరగాలంటే మే నెల ఎండ చాలదు. ఎత్తు చూసి మోసపోకండి, ఎప్పటి మంచు ఎంత మిగిలిందో చూడాలి.

షార్ట్స్ కథ కూడా అబద్ధం కాదు. 2015లో ఇక్కడ మంచు పడాల్సింది వానై కురిసింది, ఆ ఏడాది మే నెలకే చాలా దారులు ఖాళీ. 2011లో అందుకు పూర్తిగా రివర్స్, జులై సగం దాటినా ట్రైల్స్ కనిపించలేదు. కాబట్టి "నేను జూన్‌లో వెళ్ళాను" అనే మాటకి ఏ ఏడాది అని చెప్పకపోతే విలువ లేదు. శీను గారూ, ఏ సంవత్సరం?

షార్ట్స్_శీను
సంవత్సరం గుర్తులేదు మాస్టారూ, కానీ జూన్ అయితే ఖాయం. జూన్ 28 అనుకుంటా.

చద్దన్నం
జూన్ 28ని జూన్ మొదటి వారం కింద లెక్కేశావా బాసూ 😂 ఈ కొండల్లో మూడు వారాల తేడా అంటే సీజనే మారిపోతుంది.

షార్ట్స్_శీను
జూన్ జూనే కదా 🙄

పాలమూరు_పోరడు
నేను చెప్పేది వేరే. మంచు ఉందా లేదా అని కాదు, మంచు కింద ఏముంది అన్నదే అసలు భయం. ఈ ట్రైల్ మీద చలికాలంలో మంచు చరియలు విరిగి దిగే కాలువలు వరసగా ఉన్నాయి. వాటిల్లో మంచు మిగతా చోట్ల కంటే మస్తు మందంగా పేరుకుంటుంది, చివరిదాకా కరగదు. దాని కింద నుంచి వాగు పారుతూ లోపలి నుంచి తినేస్తూ ఉంటుంది. పైన నడుస్తుంటే తెల్లగా, గట్టిగానే కనిపిస్తుంది. నేను ఒకచోట ఆగి చూస్తే అంచు దగ్గర మంచు జానెడు మందం కూడా లేదు, కింద ఖాళీ, మనిషి నిలబడేంత గుంట, దాని అడుగున నీళ్ళు గలగలమని పోతున్నాయి. పైనేమో దాని మీదుగా బూటు గుర్తులు చక్కగా ఉన్నాయి, పొద్దున్న ఎవరో దాటి వెళ్ళారు. పొద్దున దాటారు కదా అని మధ్యాహ్నం దాటితే అంతే సంగతులు. కాళ్ళ కింద నీళ్ళ చప్పుడు వినిపిస్తే అక్కడ నిలబడొద్దు, వెనక్కి వచ్చి ఇంకో చోటు వెతకండి, లేదంటే ఇంటికి పొండి.

వానచినుకు
పోరడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. పెద్ద బండల పక్కన, పడిపోయిన దుంగల పక్కన కూడా చూసుకోవాలి. రాయి ఎండకి వేడెక్కి చుట్టూ ఉన్న మంచుని కరిగిస్తుంది, పైన పలచటి పొర మాత్రం మిగులుతుంది. "రాయి పక్కన నడిస్తే సేఫ్" అని అందరూ అటే జరుగుతారు, కాలు సరిగ్గా అక్కడే దిగబడుతుంది. తొడ దాకా దిగి, లోపల రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే పక్కనున్నవాళ్ళు చేతులతో తవ్వి తీయాలి. మా గ్రూపులో ఒకమ్మాయికి అలాగే చీలమండ మెలిపడింది, దిగడానికి వెళ్ళిన టైమ్‌కి రెట్టింపు పట్టింది.

బోథెల్_బుజ్జి
మైక్రోస్పైక్స్ కొంటే సరిపోతుందిగా? షూస్‌కి తగిలించుకునే ఇనుప మొనలు. ఇంత టెన్షన్ ఎందుకు అందరికీ.

పాతకాపు
స్పైక్స్ ఉండాలి, కానీ అవి అన్నిటికీ మందు కాదు. పొద్దున ఏడింటికి మంచు రాత్రి చలికి బిగుసుకుని ఉంటుంది, నూనె ఒలికిన గచ్చు మీద నడిచినట్టే, అప్పుడు స్పైక్స్ బాగా పట్టు ఇస్తాయి. పదకొండు దాటాక ఎండకి మెత్తబడి ముద్దలా అవుతుంది, అప్పుడు ఆ చిన్న మొనలకి పట్టుకోడానికి ఏమీ దొరకదు, పైగా మంచు ముద్దలు కింద అంటుకుని ఇంకా జారుతుంది. ఏటవాలు మీద అప్పుడు పనికొచ్చేది బూటు అంచుతో తన్ని మెట్టు చేసుకుని నడవడం, చేతిలో రెండు కర్రలు. బాగా నిటారుగా ఉండి కింద బండలుంటే ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి. అది కూడా జారినప్పుడు దానితో ఆగడం నేర్చుకున్నవాళ్ళకే. నేర్చుకోకుండా పట్టుకెళ్ళడం కంటే ఇంట్లో పెట్టి రావడం మేలు.

బోథెల్_బుజ్జి
అంటే పొద్దున స్పైక్స్‌తో ఎక్కి మధ్యాహ్నం లోపు దిగిపోతే?

పాతకాపు
మీరైతే సరే. అరవై దాటిన అమ్మానాన్నల్ని మొదటిసారి మంచు వాలు మీదికి స్పైక్స్ తొడిగి ఎక్కిస్తానంటే నేను ఒప్పుకోను.

మణికొండ_ట్రెక్కర్
హైదరాబాద్ నుంచి. మేం బ్యాచ్‌గా మే చివర్లో మనాలీ దగ్గర భృగు లేక్‌కి వెళ్ళాం. అది 14,000 అడుగుల పైమాటే, మీ స్నో లేక్ ఎత్తుకి మూడింతలు. అక్కడా లేక్ అంతా మంచే, కానీ గైడ్ ముందు నడుస్తూ బూటుతో మెట్లు చేస్తుంటే మా వెనకాల యాభై ఏళ్ళ ఆంటీలు కూడా వచ్చారు. 4,400 అడుగులకే ఇంత హడావిడా మీకు? 😄

ఇస్సాక్వా_ఇందు
అక్కడ మీకు గైడ్ ఉన్నాడు, తాళ్ళున్నాయి, టెంట్ మోసేవాళ్ళున్నారు. ఇక్కడ మనకి మనమే, పులిహోర డబ్బా కూడా మనమే మొయ్యాలి.

పాతకాపు
భృగు మీద ప్రధాన సమస్య ఎత్తు. మనాలీలో దిగి ఒక్క రాత్రి పడుకుని రెండు రోజుల్లో 14,000 ఎక్కితే తలనొప్పి, వాంతులు మామూలే, ముదిరితే ప్రాణం మీదికొస్తుంది. అక్కడ మంచు రెండో సమస్య. ఇక్కడ ఎత్తు వల్ల ఎవరికీ ఏమీ కాదు, వాలు, వాగు, చల్లటి నీళ్ళు, ఇవే. రెండిటినీ అడుగుల్లో పోలిస్తే కుదరదు.

మణికొండ_ట్రెక్కర్
నిజమే, మా బ్యాచ్‌లో ఇద్దరు రెండో రాత్రి టెంట్లోనే ఉండిపోయారు. జిమ్‌కి రోజూ వెళ్ళేవాళ్ళే వాళ్ళు. ఆంటీలకి మాత్రం ఏం కాలేదు.

చద్దన్నం
ఆంటీలకి ఏమవుతుంది, ఆవకాయ తిన్న శరీరాలు.

డేటా_దాసు
ఒక్కొక్కరిని అడిగే బదులు మీరే చూసుకోవచ్చు. నేను చేసేది చెప్తాను. మొదట వాషింగ్టన్ ట్రైల్స్ అసోసియేషన్ సైట్‌లో ఆ ట్రైల్ కింద జనం రాసే ట్రిప్ రిపోర్ట్‌లు. తేదీ చూసి పోయిన వారం లోపువి మాత్రమే చదవాలి. "బాగుంది, పిల్లలతో వెళ్ళాం" అనేవి వదిలేసి, మంచు ఎక్కడ మొదలైంది, ఎక్కడ వెనక్కి తిరిగాం అని రాసినవి పట్టుకోండి. ఫోటోలు ఉంటే ఇంకా మంచిది, మాటల్లో "కొంచెం మంచు" అన్నది ఫోటోలో నడుము లోతు ఉంటుంది. తర్వాత స్నోటెల్ స్టేషన్లు. కొండల్లో అక్కడక్కడా పెట్టిన ఆటోమేటిక్ మీటర్లు, మంచు లోతు రోజూ చూపిస్తాయి. స్టేషన్ ఎత్తు మీ లేక్ ఎత్తుకి దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. ఇక మూడోది నా ఫేవరెట్, సెంటినెల్-2 శాటిలైట్ ఫోటోలు. ఉచితం. అయిదు రోజులకోసారి కొత్త ఫోటో వస్తుంది, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. లేక్ తెల్లగా ఉందా నీలంగా ఉందా అన్నది ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది. నిన్నటి ఫోటోలో స్నో లేక్ అంచులు మాత్రం నల్లగా కరిగాయి, మధ్యలో తెలుపే.

చద్దన్నం
పిక్నిక్‌కి కూడా డాష్‌బోర్డ్ పెట్టే మనిషివి నువ్వు.

డేటా_దాసు
వీకెండ్ ట్రాఫిక్‌లో ఐ-90 మీద పడి వెళ్ళి మంచు చూసి తిరిగొచ్చే బాధ తప్పిందా లేదా?

వానచినుకు
దాసు గారి మూడో పద్ధతితో జాగ్రత్త. శాటిలైట్‌కి చెట్ల కింద మంచు కనపడదు. పైనుంచి పచ్చగా ఉంటుంది, లోపల నీడలో మోకాలి లోతు ఉంటుంది. ఉత్తరం వైపు వాలులో ఇంకా ఎక్కువ. మబ్బులుంటే అసలు ఫోటోయే ఉండదు, ఇక్కడ మబ్బు లేని రోజులెన్ని.

డేటా_దాసు
ఒప్పుకుంటున్నా. అందుకే మొదట ట్రిప్ రిపోర్ట్‌లు అన్నాను.

కెంట్_కృష్ణ
అడుగుజాడలు చూసుకుని వెళ్ళిపోతే సరిపోదా? వీకెండ్ వందమంది వెళ్తారు, దారి దానంతటదే పడుతుంది.

పాలమూరు_పోరడు
అదే వద్దు అన్నా. స్నో లేక్‌లో చలికాలపు దారి వేరు, ఎండాకాలపు దారి వేరు. చలికాలంలో అందరూ లోయ అడుగున వాగు మీదుగా నేరుగా పోతారు, అప్పుడు వాగు పది అడుగుల మంచు కింద ఉంటుంది. జూన్‌లో కూడా స్కీయింగ్ వాళ్ళ జాడలు, తప్పిపోయినవాళ్ళ జాడలు, కుక్క వెనక పరిగెత్తినవాళ్ళ జాడలు అన్నీ అక్కడే ఉంటాయి. ఒకడు తప్పు దారిలో పోతే వెనక యాభైమంది పోతారు, చూడ్డానికి అదే హైవే లెక్క కనిపిస్తుంది. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని గీత మీద ఉన్నామా లేదా చూసుకుంటూ నడవాలి. సిగ్నల్ దారిలోనే పోతుంది.

బోథెల్_బుజ్జి
ఐఫోన్ 14 నుంచి సిగ్నల్ లేకపోయినా సాయం పిలిచే శాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది కదా.

పాలమూరు_పోరడు
ఉంది. చెట్ల కింద, ఇరుకు లోయలో టైమ్ పడుతుంది. పిలిచాక వచ్చేవాళ్ళు కూడా వాలంటీర్లు, వాళ్ళ ఇళ్ళ నుంచి బయల్దేరి, కారు పార్క్ చేసి, మన లెక్కనే నడిచి రావాలి. డబ్బులు తీసుకోరు, మంచి మనుషులు, కానీ అయిదు గంటలు మంచులో తడి జీన్స్‌తో కూర్చోవాలి మనం.

గోదారిగట్టు
సరే, స్నో లేక్ క్యాన్సిల్. ఇంకో సంగతి, రిడ్జ్ (కొండ వెన్ను) దాటాక లేక్ దగ్గరికి మళ్ళీ దిగాలట కదా, అది కూడా ఇప్పుడే చూశాను.

ఇస్సాక్వా_ఇందు
అవును. రిడ్జ్ 4,400, లేక్ దాదాపు 4,000. అంటే 400 అడుగులు దిగి, తిని, మళ్ళీ అదంతా ఎక్కాలి. అన్నీ కలిపి రానూపోనూ 7 మైళ్ళ పైన, ఎక్కుడు 1,800 అడుగులు. మంచు లేకపోయినా మీ అమ్మగారి మోకాలికి అది ఆగస్టు ట్రైల్ కూడా కాదు, నా ఉద్దేశంలో.

రెంటన్_రమణి
మోకాలికి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు నొప్పి ఎక్కువండి. మా అత్తగారిని రాటిల్‌స్నేక్ లెడ్జ్‌కి తీసుకెళ్తే ఎక్కేశారు, దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ రాముడే. కింద రాటిల్‌స్నేక్ లేక్ ఉంది, కారు దిగితే నీళ్ళే. అక్కడే కూర్చుని ఉంటే హాయిగా ఉండేదని ఇప్పటికీ అంటారు.

గోదారిగట్టు
మరి వీళ్ళకి కొండ, లేక్, వీలైతే మంచు కూడా కనిపించేది ఏదైనా ఉందా?

వానచినుకు
గోల్డ్ క్రీక్ పాండ్. ఐ-90 మీదే, మీ ఎగ్జిట్ తర్వాత ఎగ్జిట్ 54. చదునైన దారి, మొత్తం చుట్టి రావడానికి ఓ మైలు. చుట్టూ కొండల మీద జూన్‌లో మంచు నిండుగా ఉంటుంది, నీళ్ళలో నీడ పడుతుంది. ఇప్పుడు దారి మీద మంచు మిగిలిందా లేదా వెళ్ళే ముందు రిపోర్ట్ చూసుకోండి. అమ్మగారికి అది. మీ నాన్నగారికి కాళ్ళు ఆడించుకోవాలని ఉంటే ఇంకో రోజు ఆయన్ని ఒక్కరినే టలాపస్ లేక్‌కి తీసుకెళ్ళండి, ఎగ్జిట్ 45. అది చెట్ల మధ్య మెల్లగా ఎక్కే దారి, లేక్ 3,300 అడుగుల లోపే. చివర్లో మంచు ముక్కలు ఉండొచ్చు కానీ నిటారు వాలు కాదు. ఆపైన ఒలాలీ లేక్‌కి పోవద్దు, అక్కడ ఇంకా ఉంటుంది.

కెంట్_కృష్ణ
టలాపస్ రోడ్డు గురించి చెప్పరేం? ఎగ్జిట్ దిగాక మట్టి రోడ్డు, గుంతలు. చలికాలం అయ్యాక ఇంకా పూడ్చి ఉండరు. మీది సెడాన్ అయితే నాన్నగారిని ముందు దింపి నడిపించాల్సి వస్తుంది, హైక్ అక్కడే మొదలు.

బోథెల్_బుజ్జి
లేక్ 22 ఎవరూ చెప్పలేదేంటి? మౌంటెన్ లూప్ హైవే మీద. లేక్ 2,400 అడుగులే, అన్నిటికంటే ముందు మంచు కరిగేది అదే కదా.

పాతకాపు
దారి ముందే ఖాళీ అవుతుంది, నిజమే. రానూపోనూ 5 మైళ్ళ పైన, చెక్క పలకల మీద, రాళ్ళ మెట్ల మీద నడవాలి, తడిస్తే పలకలు సబ్బులా ఉంటాయి కాబట్టి మోకాలి నొప్పివాళ్ళకి చెప్పను. అసలు చిక్కు లేక్ దగ్గరికి చేరాక. లేక్ వెనక పిల్‌చక్ కొండ గోడలా నిలబడి ఉంటుంది. ఆ గోడ మీది మంచు ఎండలకి విడివడి లేక్ అవతలి ఒడ్డున కూలుతుంది. లేక్ చుట్టూ తిరగడానికి దారి ఉంది కదా అని అందరూ తిరుగుతారు. నీళ్ళు బయటికి పోయే ఇవతలి ఒడ్డునే కూర్చోండి, అవతల మంచు కుప్పలు కనిపిస్తే అవి పైనుంచి పడ్డవే.

అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకెళ్తే బిగ్ ఫోర్ ఐస్ కేవ్స్. దారి చదును, పిల్లలతో వెళ్ళొచ్చు, అందుకే మనవాళ్ళు ఎక్కువ. కొండ కింద పేరుకున్న మంచులో గుహలు ఏర్పడతాయి, చూడ్డానికి ఎంత బాగుంటాయో. లోపలికి మాత్రం పోకూడదు, పైకి కూడా ఎక్కకూడదు, ముందర నిలబడకూడదు. 2010లో పదకొండేళ్ళ పాప పోయింది, 2015 జులైలో గుహ కూలి ఇంకో ప్రాణం పోయింది, మరికొందరికి దెబ్బలు తగిలాయి. బోర్డులు పెట్టారు. బోర్డు పక్కనే నిలబడి సెల్ఫీ తీసుకుని లోపలికెళ్ళే కుటుంబాలని నా కళ్ళతో చూశాను.

రెంటన్_రమణి
అవునండి, చంటిపిల్లని ఎత్తుకుని లోపల ఫోటో దిగుతున్నవాళ్ళని చూసి మా ఆయన అరిచేశారు. "మీకెందుకండీ" అన్నారు వాళ్ళు. అచ్చ తెలుగులో.

బ్యాచిలర్_బాబీ
ఈ పెద్దవాళ్ళ ప్లాన్ల మధ్యలో నా డౌట్ ఒకటి. మేం నలుగురం, అందరం ఫిట్. కోల్‌చక్ లేక్ జూన్ రెండో వారం ఓకేనా? వీలైతే లేక్ పైనున్న నిటారు కనుమ, ఆస్‌గార్డ్ పాస్ కూడా కొట్టేద్దామని.

పాలమూరు_పోరడు
కోల్‌చక్ దాకా అయితే రిపోర్ట్‌లు చూసుకుని, స్పైక్స్, కర్రలతో పోవచ్చు. రానూపోనూ 8 మైళ్ళు, ఎక్కుడు 2,300 దాకా, లేక్ 5,580 అడుగులు. పై సగంలో మంచు ఉంటుందనే అనుకోండి. ముందు లెవెన్‌వర్త్ ఊరి వైపు నుంచి పైకెళ్ళే ఫారెస్ట్ రోడ్డు గేటు తీశారో లేదో చూసుకోండి, తీయకపోతే కారు కిందే పెట్టి రోడ్డంతా నడవాలి. ఆస్‌గార్డ్ మాత్రం వద్దు.

బ్యాచిలర్_బాబీ
ఎందుకు? వీడియోల్లో మంచు మీద కూర్చుని జర్రున జారుకుంటూ దిగేస్తున్నారు, సూపర్ ఉంది.

పాలమూరు_పోరడు
అందుకే వద్దంటున్నా. ఆ వాలు మధ్యలో మంచు కింద వాగు ఉంది. కరిగే కాలంలో అక్కడ బొక్క పడుతుంది, పైనుంచి జారుకుంటూ వచ్చేవాళ్ళకి అది కనపడదు. అందులో పడి పోయినవాళ్ళు ఉన్నారు, కొండలెక్కడం తెలిసినవాళ్ళే. వీడియో తీసినవాడు బతికొచ్చాడు కాబట్టి వీడియో పెట్టాడు.

బ్యాచిలర్_బాబీ
సరే అన్నా, లేక్ దాకానే. అక్కడ ఒక రాత్రి టెంట్ వేసుకోవచ్చా?

వానచినుకు
మే 15 నుంచి అక్టోబర్ 31 దాకా రాత్రి ఉండాలంటే లాటరీలో పర్మిట్ రావాలి. పగలు వెళ్ళొచ్చేదానికి ట్రైల్ మొదట్లో ఉచిత పర్మిట్ మీరే రాసుకోవాలి. కుక్కలకి ప్రవేశం లేదు. డ్రోన్ కూడా వద్దు, అది వైల్డర్‌నెస్ ఏరియా, అంటే యంత్రాలు వాడకూడని రక్షిత అడవి.

బ్యాచిలర్_బాబీ
డ్రోన్ సంగతి మీకెలా తెలుసు 😅

చద్దన్నం
నలుగురు బ్యాచిలర్లు, ఒక లేక్, డ్రోన్ లేకుండా ఎందుకుంటుంది.

రెంటన్_రమణి
బాబీ, ఇంకో మాట తమ్ముడూ. నీళ్ళలో దూకకండి. పైన ఎండ 80 ఉన్నా అది గంట క్రితం దాకా మంచుగా ఉన్న నీరు. దూకగానే ఊపిరి ఎగబీలుస్తుంది, ఆ ఒక్క క్షణంలో నీళ్ళు మింగితే ఈత వచ్చినా పనికిరాదు. నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి. మన పిల్లలు లేక్‌ల దగ్గర, జలపాతాల దగ్గర పోయారన్న వార్త ప్రతి ఎండాకాలం చదువుతూనే ఉన్నాం, వాళ్ళ ఊళ్ళో అమ్మానాన్నలని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

బ్యాచిలర్_బాబీ
దూకం అక్కా. ఒకడికి ఈతే రాదు.

రెంటన్_రమణి
వాడి గురించే నా భయం. వాడే ముందు దూకుతాడు చూడు.

కెంట్_కృష్ణ
వాగులు దాటే దగ్గర కూడా టైమ్ చూసుకోండి. పొద్దున చీలమండ లోతు ఉన్న వాగు సాయంత్రానికి మోకాలి లోతు అవుతుంది, పగలంతా పైన కరిగింది సాయంత్రానికి కిందికి చేరుతుంది కాబట్టి. వెళ్ళేటప్పుడు రాళ్ళ మీద గెంతుతూ దాటేసి, వచ్చేటప్పుడు ఆ రాళ్ళే కనపడక నిలబడిపోయినవాళ్ళని చూశాను.

గోదారిగట్టు
నాన్నతో మాట్లాడాను. శనివారం గోల్డ్ క్రీక్ పాండ్, అందరం. ఆ తర్వాత వారం రిపోర్ట్‌లు బాగుంటే టలాపస్, నేనూ ఆయనా. "మంచు లేని చోటికి తీసుకెళ్ళి అమెరికా అంటావా" అని ఒకసారి సణిగారు. కొండ మీద కనిపిస్తుందిలే అంటే ఊరుకున్నారు. పార్కింగ్ పాస్ ఏదో కావాలట కదా?

డేటా_దాసు
ఆ రెండు చోట్లకీ నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్. రోజుకి 5 డాలర్లు, ఏడాదికి 30. నేషనల్ పార్కులన్నిటికీ పనిచేసే 'అమెరికా ది బ్యూటిఫుల్' యాన్యువల్ పాస్ ఉంటే అదే చెల్లుతుంది. స్టేట్ పార్కుల డిస్కవర్ పాస్ ఇక్కడ చెల్లదు, మనవాళ్ళు ఎక్కువగా తికమక పడేది దీంట్లోనే. టికెట్ రాశాక వాదించి లాభం లేదు.

ఇస్సాక్వా_ఇందు
శనివారం ఎనిమిది లోపు చేరండి, తర్వాత చోటు దొరకదు. కార్లో బ్యాగులు కనిపించేలా వదలొద్దు, అద్దాలు పగలగొడతారు. అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్ ముఖ్యంగా. టలాపస్ దారి మీద మంచుంటే ఇద్దరికీ నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్. మంచు మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, ముక్కు కింద, గడ్డం కింద రాసుకోవాలి. నేను నవ్వులాట అనుకునేదాన్ని, మా ఆయనకి ముక్కు లోపల అంచు కాలింది.

చద్దన్నం
ముక్కు లోపలా! ఈ సైట్‌లో ఇవాళ నేర్చుకున్నది ఇది.

షార్ట్స్_శీను
మొత్తానికి అందరూ కలిసి స్నో లేక్ ట్రిప్‌ని చెరువు గట్టు ట్రిప్ చేసేశారు. నేనైతే ఇప్పటికీ అంటాను, పొద్దున్నే బయల్దేరి మంచు మొదలయ్యేదాకా వెళ్ళి చూసి వెనక్కి రావచ్చు. అక్కడిదాకా ఏ ప్రమాదమూ లేదు, వ్యూ కూడా బాగుంటుంది.

పాతకాపు
ఈ మాట మొదటే అనుంటే నేను ఒక్క ముక్క కూడా రాసేవాణ్ణి కాదు శీను గారూ. మంచు మొదలయ్యే చోట వెనక్కి తిరగగలిగితే అది మంచి ప్లానే. నడక కూడా మైలున్నరే. కాకపోతే అక్కడిదాకా వెళ్ళాక "ఇంకొంచెం" అనకుండా ఉండేవాళ్ళు తక్కువ.

షార్ట్స్_శీను
అది నిజం.

కెంట్_కృష్ణ
ఎలుగుబంట్ల సంగతి అడగలేదేంటి ఎవరూ? మా మావగారు మొదట అడిగేది అదే.

వానచినుకు
ఈ వైపు ఉండేవి నల్ల ఎలుగుబంట్లు, మన మాటలు వినిపిస్తే అవే తప్పుకుంటాయి. నలుగురు తెలుగువాళ్ళు కలిసి నడిస్తే ఆ చప్పుడుకి అర మైలు దూరంలో ఏదీ ఉండదు.

గోదారిగట్టు
మరి దోమలు? అమ్మ అడుగుతోంది, ఓడోమాస్ తెచ్చుకుంది ఊరి నుంచి.

ఇస్సాక్వా_ఇందు
మంచు కరిగిన రెండు వారాలకి మొదలవుతాయి, జులైలో పైన లేక్‌ల దగ్గర నిలబడనివ్వవు. శనివారం గోల్డ్ క్రీక్‌లో కొన్ని ఉండొచ్చు. ఓడోమాస్ తెమ్మనండి, మాకూ కొంచెం కావాలి, ఇక్కడ దొరకట్లేదు.